నక్షత్ర సామ్రాజ్యం స్థాపించబోయే వారికి



మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పుల గురించి చదవడానికి ఇక్కడికి వచ్చే మీకు ఈసారి విషయం కొంత వింతగా తోచవచ్చు. అంతరిక్షంలో సామ్రాజ్యాలు నిర్మించే కంప్యూటరు ఆటను ఎలా మొదలుపెట్టాలన్నది నేటి అంశం. ఇది ఆరోగ్య విషయం ఎట్లా అయినదో ముందుగా మనవి చేస్తాను.

ద్వారకా నగర్‌లో నివసించే వైద్యునికి విశ్రాంత జీవితంలోనూ సంప్రదింపులు తప్పవు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి డైమండ్ పార్కు వైపు నడిచి చూడండి. బ్యాంకు పరీక్షలకు, సివిల్ సర్వీసులకు, ఇంజనీరింగు ప్రవేశాలకు శిక్షణ ఇచ్చే సంస్థల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి కనిపిస్తాయి. ఆ బోర్డుల వెనుక సందులలో హాస్టళ్ళు. ఆ హాస్టళ్ళలో ఉత్తరాంధ్ర ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. సాయంకాలపు నడకలో నన్ను ఆపే తల్లిదండ్రుల ప్రశ్న దాదాపు ఒకటే: "డాక్టరు గారూ, మా వాడు రాత్రంతా ఏదో అంతరిక్షం గేమ్ ఆడుతున్నాడు. చెడిపోయినట్టేనా?" అదే దారిలో పౌర గ్రంథాలయం దగ్గర కలిసే నా ఈడువారి ప్రశ్న వేరు: "రిటైరైన తర్వాత పొద్దు గడవడం లేదు. మెదడుకు పని కల్పించే ఆట ఏదైనా చెప్పండి."

ఒకరికి రోగమని భయం కలిగించే వస్తువునే మరొకరు మందుగా అడుగుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అంతరిక్ష వ్యూహక్రీడలు చాలావరకు మంచివే. పెద్దలకూ, ఎదిగిన పిల్లలకూ నేను సిఫారసు చేస్తాను. అయితే సామ్రాజ్యాన్ని పెంచడం నేర్చుకునే ముందు దానిని ఆపడం నేర్చుకోవాలి. మనం లేచి వెళ్ళినప్పుడు ఆగని ఆటను అసలు మొదలుపెట్టకూడదు.

ఏమిటీ ఆటలు?

వామనగుంటలు, పులిజూదం, చదరంగం ఆడినవారికి వీటి సారం కొత్తది కాదు. ఏ గుంటలోని గింజలు తీసి పంచితే నాలుగు ఎత్తుల తరువాత ఎవరి చేయి నిండుతుందో ముందుగా ఊహించడమే వామనగుంటలలోని నేర్పు. అంతరిక్ష సామ్రాజ్య క్రీడలలోనూ అదే నేర్పు కావాలి. గుంటలకు బదులు నక్షత్రాలు, చింతగింజలకు బదులు ఖనిజాలు ఉంటాయి.

1993లో 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' అనే ఆట వెలువడినప్పుడు ఆలన్ ఎమ్రిక్ అనే అమెరికన్ రచయిత దానిని పరిచయం చేస్తూ ఈ జాతి ఆటలకు 'ఫోర్ ఎక్స్' అని పేరు పెట్టాడు. అన్వేషించడం, విస్తరించడం, వనరులను వినియోగించుకోవడం, శత్రువును నిర్మూలించడం అనే నాలుగు పనులకూ ఆంగ్లంలో ఎక్స్ ధ్వని ఉండటం వలన ఆ పేరు కుదిరింది. నాలుగవది వినడానికి భయంకరమే గాని, ఆడి చూసినవారికి తెలుస్తుంది: ఆట సమయంలో అధికభాగం మొదటి మూడింటితోనే, అంటే లెక్కలతోనే గడుస్తుంది. తుపాకులు పేల్చే ఆటల కోవలో వీటిని చేర్చి భయపడనవసరం లేదు.

నేడు ఈ కోవలో ఎక్కువమంది ఆడే ఆటలలో 'స్టెల్లారిస్' ఒకటి. స్వీడన్ దేశపు పారడాక్స్ సంస్థ దీనిని 2016 మే నెలలో విడుదల చేసింది. నేను వివరించబోయేది ఈ ఆట గురించే. ఎందుకు దీనినే ఎన్నుకున్నానో చెప్పాలంటే ముందు వేరే రెండు ఆటల సంగతి చెప్పాలి.

ఆగే ఆట, ఆగని ఆట

మందును ఎన్నుకునేటప్పుడు అది ఏమి చేస్తుందన్నదే కాదు, శరీరం నుంచి ఎంత త్వరగా బయటకు పోతుందన్నదీ చూస్తాం. ఆటను ఎన్నుకునేటప్పుడు కూడా ఒక తల్లి, ఒక తండ్రి, ఒక ఆటగాడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: నేను లేచి వెళ్ళిపోతే ఈ ఆట ఆగుతుందా?

'ఓగేమ్' అనే ఆట 2002లో జర్మనీలో మొదలైంది. ఇంటర్నెట్ బ్రౌజరులో ఉచితంగా ఆడవచ్చు. చూడటానికి సాధువైనది, పట్టికలు, అంకెలు, చిన్న బొమ్మలు తప్ప ఏమీ ఉండవు. కాని దానిలోని కాలం మన గోడ గడియారంతో సమానంగా నడుస్తుంది. మీరు నిద్రిస్తుండగా వేరొక దేశంలో మేలుకొని ఉన్న ఆటగాడు మీ నౌకాదళాన్ని ధ్వంసం చేయవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు పడుకునే ముందు తమ నౌకలను దూర ప్రయాణానికి పంపి, అవి తిరిగి వచ్చే వేళకు లేచి కూర్చుంటారు. అంటే ఎప్పుడు నిద్ర లేవాలో నిర్ణయించే అధికారం నౌకాదళానికి అప్పగించినట్లే. ఇదే నమూనాలో తయారైన ఫోను ఆటలు నేడు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఐస్‌లాండ్‌లో తయారై 2003లో విడుదలైన 'ఈవ్ ఆన్‌లైన్' ఇంకా పెద్దది. వేలాది మంది ఒకే గెలాక్సీలో కలసి ఆడతారు. 2014 జనవరి 27న ఒక కూటమి తన అధీనంలోని నక్షత్ర మండలానికి కట్టవలసిన బిల్లు కట్టకపోవడంతో పుట్టిన యుద్ధం సుమారు 21 గంటలు సాగింది. దానిని ఆటల చరిత్రలో మహాయుద్ధంగా చెప్పుకుంటారు. వైద్యునిగా నాకు ఆ 21 గంటలే కనిపిస్తాయి. ఎంతమంది ఎన్ని పూటలు భోజనం మానారో, మరునాడు ఎవరు కునుకుతూ వాహనం నడిపారో ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు.

స్టెల్లారిస్‌లో కాలం నడుస్తుంది గాని, కీబోర్డులోని పొడవైన మీట, స్పేస్ బార్, నొక్కగానే ఆగిపోతుంది. విశ్వమంతా నిశ్చలమవుతుంది. ఆ నిశ్చలత్వంలోనే తీరికగా పటం చూసుకోవచ్చు, ఆలోచించవచ్చు, ఆదేశాలు ఇవ్వవచ్చు. ఒంటరిగా ఆడేటప్పుడు ఆటను దాచిపెట్టి కంప్యూటరు కట్టేస్తే పది రోజుల తరువాత వచ్చినా సామ్రాజ్యం ఎక్కడిదక్కడే ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు కొలిములు ఉన్నాయి. ఉక్కు నగరంలో మూడు షిఫ్టుల జీవితం గడిపిన కుటుంబాలకు తెలుసు, ఆ కొలిమిని రాత్రయిందని ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు. దాని కోసం మనుషులు నిద్రను త్యాగం చేశారు, జీతం తీసుకున్నారు, దేశానికి ఉక్కు ఇచ్చారు. ఒక ఆట కోసం ఆ త్యాగం దేనికి?

మరొక జాతి ఆటలను ఇక్కడే వేరు చేయాలి. డబ్బు పందెం పెట్టించే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. వాటి గురించి సిఫారసులు, జాగ్రత్తలు అంటూ ఏమీ లేవు, ముట్టుకోకూడదు. స్టెల్లారిస్ ఆ కోవలోనిది కాదు. ఒకసారి కొనుక్కుంటే చాలు.

ఎలా మొదలుపెట్టాలి?

కొనేటప్పుడు మూల ఆటను మాత్రమే కొనండి. స్టీమ్ అనే దుకాణంలో దీనికి అనుబంధంగా అనేక విస్తరణలు అమ్మకానికి ఉంటాయి. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. కొన్న పద్నాలుగు రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలకు మించకపోతే డబ్బు వాపసు అడిగే సౌకర్యం ఉన్నది. ఈ ఆటలో మొదటి రెండు గంటలలో ఏమీ అర్థం కాదన్నది వేరే సంగతి. మీ కంప్యూటరు దీనిని మోయగలదో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఆ గడువు చాలు.

కొత్త ఆట ప్రారంభించగానే ఏ జాతికి నాయకత్వం వహిస్తారో అడుగుతుంది. వింత జీవులు చాలా ఉంటాయి. మీరు 'యునైటెడ్ నేషన్స్ ఆఫ్ ఎర్త్' ను ఎన్నుకోండి. అది మన భూమే, మన సౌరకుటుంబమే. తెలిసిన సూర్యుడు, తెలిసిన అంగారకుడు కళ్ళ ముందు ఉంటే కొత్త నియమాలు నేర్చుకోవడం సులభం. తరువాత గెలాక్సీ పరిమాణం అడుగుతుంది. వేయి నక్షత్రాల గెలాక్సీని ఎన్నుకోవాలని కుర్రవాళ్ళకు ఉబలాటం ఉంటుంది. రెండు వందల నక్షత్రాల చిన్న గెలాక్సీ చాలు. ప్రత్యర్థుల సంఖ్య తగ్గించండి, కాఠిన్యం అన్నిటికన్నా క్రింది మెట్టున ఉంచండి. 'ఐరన్‌మ్యాన్' అనే పద్ధతిని ఎన్నుకోకండి; దానిలో వెనుకకు వెళ్ళి తప్పు దిద్దుకునే అవకాశం ఉండదు.

ఆట 2200వ సంవత్సరం జనవరి 1న, ఆగిన స్థితిలో మొదలవుతుంది. ఈ ఏర్పాటు చేసినవారికి నమస్కరిస్తాను. మొదటి దినం ఆ స్థితిలోనే అరగంట ఉండండి. తెర పైభాగాన ఒక వరుసలో శక్తి, ఖనిజాలు, ఆహారం, వినియోగ వస్తువులు, మిశ్రలోహాలు, పలుకుబడి వంటివి అంకెలతో కనిపిస్తాయి. ప్రతి అంకె ప్రక్కనా నెలకు ఎంత పెరుగుతున్నదో, ఎంత తరుగుతున్నదో ఉంటుంది. అది మీ రక్తపరీక్ష నివేదిక అనుకోండి. నిల్వ ఎంత ఉన్నదన్నదాని కంటే ఆ నెలసరి మార్పే ముఖ్యం. ఒక్కసారి చూసిన చక్కెర స్థాయి కంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఏ1సి ఎందుకు ముఖ్యమో తెలిసిన పాఠకులకు ఇది వెంటనే బోధపడుతుంది.

మీ చేతిలో ఒక పరిశోధన నౌక, ఒక నిర్మాణ నౌక, మూడు చిన్న యుద్ధనౌకలు ఉంటాయి. పరిశోధన నౌకను ప్రక్క నక్షత్రాల సర్వేకు పంపండి. అది చూసి వచ్చిన చోటనే నిర్మాణ నౌక గనులు పెట్టగలదు. వీలైనంత త్వరగా రెండవ పరిశోధన నౌకను కట్టించండి. ప్రారంభ దశలో దానికి మించిన పెట్టుబడి లేదు. యుద్ధనౌకలను ఇంటి దగ్గరే ఉంచండి. తొలి ఇరవై ముప్పై ఆట సంవత్సరాలలో ఎవరితోనూ తగవు పెట్టుకోవద్దు.

ఇక ఆర్థిక వ్యవస్థ. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. విశాఖవాసులు మాత్రం తికమకపడనవసరం లేదు, ఎందుకంటే ఈ ఊరే ఆ పాఠం. బైలదిల్లా కొండలలో ఇనుప ఖనిజం తవ్వుతారు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో అది కొండలు దిగి వస్తుంది. కొంత రేవు నుంచి ఓడలెక్కి విదేశాలకు పోతుంది. ఉక్కు కర్మాగారంలో ఖనిజం ఉక్కుగా మారుతుంది. రేవు లోపల, 1941లో సింధియా సంస్థ పునాది వేసిన నౌకా నిర్మాణశాలలో, నేటి హిందుస్థాన్ షిప్‌యార్డులో, ఉక్కు ఓడగా మారుతుంది. 1948లో నెహ్రూ చేతులమీదుగా నీటిలోకి దిగిన 'జల ఉష' అక్కడ పుట్టినదే. స్టెల్లారిస్‌లోనూ వరుస ఇదే: గని, ఖనిజం, ఫౌండ్రీ, మిశ్రలోహం, నౌకాశ్రయం, నౌక. ఈ గొలుసులో ఎక్కడ ఒక లంకె తెగినా పైనున్నవన్నీ ఆగిపోతాయి.

ఉక్కు కర్మాగారంలో కొలిమి విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నా మిత్రులొకరు ఈ ఆటను మనవడి దగ్గర నేర్చుకున్నారు. వారింటికి వెళ్ళినప్పుడు చూశాను. మనవడు, "తాతయ్యా, ముందు గనులు పెంచు. ఫౌండ్రీలు తర్వాత. లేకపోతే మినరల్స్ మైనస్‌లోకి పోతాయి" అంటున్నాడు. ఆయన నా వైపు తిరిగి, "సొంత గనులు లేకుండా కొలిమి పెడితే ఏమవుతుందో వీడు నాకు చెబుతున్నాడు, చూశారా డాక్టరు గారూ" అని నవ్వారు. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేని కథ తెలిసినవారికి ఆ నవ్వులోని చేదు తెలుస్తుంది.

ఇంకొక్క విషయం. ఈ ఆటలో భవనం కట్టినంత మాత్రాన ఫలితం రాదు. దానిలో పనిచేసే జనం ఉండాలి. జనాభా లేని గ్రహంలో పరిశోధనశాలలు కడితే ఖర్చు మిగులుతుంది. డాక్టరును నియమించకుండా ఆసుపత్రి భవనానికి రిబ్బను కత్తిరించే వేడుకలు ఎన్నో చూసిన నాకు ఆట రూపకర్తల మీద గౌరవం కలిగింది.

ఎందుకు లేవలేకపోతాం?

ఒక పూర్తి ఆట ముగియడానికి ఇరవై, ముప్పై గంటలు, ఒక్కొక్కసారి అంతకు మించి పడుతుంది. రోజుకు గంట చొప్పున ఒక నెల. నవల చదివినట్లు చదువుకోవలసిన ఆట ఇది. కాని చాలామంది దానిని మూడు రాత్రులలో ముగించబోతారు. దీనికి కారణం సంకల్పబలం లేకపోవడమని తల్లిదండ్రులు తిడతారు. కారణం చాలావరకు ఆట నిర్మాణంలో ఉన్నది.

బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లో ఒక పరిశీలన ప్రకటించారు. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిన పనులు మనసులో ఎక్కువగా మెదులుతూ ఉంటాయని ఆమె గమనించారు. తరువాతి ప్రయోగాలన్నీ దీనిని ఒకే రీతిగా సమర్థించలేదు గాని, పొయ్యి మీద పాలు పెట్టి ప్రక్కగదిలో కూర్చున్న ఎవరికైనా ఆ లాగుడు అనుభవమే. స్టెల్లారిస్‌లో ఏ క్షణాన చూసినా పది పొయ్యిల మీద పది గిన్నెలు ఉంటాయి. పరిశోధన అయిదు నెలలలో పూర్తవుతుంది. నౌక రెండు నెలలలో సిద్ధమవుతుంది. సర్వేకు వెళ్ళిన నౌక ఏదో వింత వస్తువును కనుగొన్నది, దాని సంగతి తేలడానికి ఇంకొక ఏడాది. ఇవన్నీ ఒకేసారి పూర్తికావు. ఒకటి ముగిసేలోగా రెండు మొదలవుతాయి. "ఇది అవగానే పడుకుంటాను" అనే మాటలో అబద్ధం లేదు. ఆ 'ఇది' ఎప్పటికీ అవదు, అంతే.

కాబట్టి ఆటలోని పని పూర్తయ్యేదాకా అని హద్దు పెట్టుకోకండి. హద్దు ఆట బయట ఉండాలి. గోడ గడియారం, లేదా వంటగదిలోని కుక్కరు ఈలకు అవతల ఎవరో పిలిచే పిలుపు. నేను సూచించే పద్ధతి ఇది. కూర్చునే ముందే లేచే వేళ కాగితం మీద వ్రాసి కీబోర్డు ప్రక్కన పెట్టండి. ఆ వేళ కాగానే స్పేస్ బార్ నొక్కి, తరువాత చేయదలచిన రెండు మూడు పనులను అదే కాగితం మీద వ్రాసి, ఆట దాచిపెట్టండి. వ్రాసిన పనిని మనసు కొంత వదిలిపెడుతుంది. మరునాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునే బాధ కూడా ఉండదు. మొదటి వారం ఆట గెలవడం కంటే ఈ లేవడాన్నే అభ్యాసం చేయండి.

ఎంతసేపు ఆడారో స్టీమ్ లెక్క కట్టి చూపిస్తుంది. వారానికొకసారి ఆ అంకె చూసుకోండి. రోగి "కొంచెమే తింటున్నాను డాక్టరు గారూ" అన్నప్పుడు తూకపు యంత్రం వైపు చూసే అలవాటు మాకు ఉన్నది. ఆ అంకె అటువంటిది.

నిద్ర, కాళ్ళు, కళ్ళు

శివరాత్రి జాగారానికి ఇంట్లో వైకుంఠపాళీ పరచి ఆడిన తరం మాది. ఆ జాగారం ఏడాదికి ఒక్క రాత్రి, తెల్లవారితే పటం మడిచి అటక మీద పెట్టేసేవారు. ప్రతి రాత్రీ శివరాత్రి అయితే శరీరం ఊరుకోదు. పెద్దలకు రోజుకు కనీసం ఏడు గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు నిద్ర అవసరం. పగలు చదివినది స్థిరమైన జ్ఞాపకంగా మారే ప్రక్రియలో నిద్రకు పెద్ద పాత్ర ఉన్నది. కోచింగ్ సెంటరులో పన్నెండు గంటలు కూర్చొని, రాత్రి మూడింటిదాకా మేలుకొన్న విద్యార్థి ఆటకు అయిదు గంటలు ఇచ్చాననుకుంటాడు. చదివిన పన్నెండు గంటలలోనూ కొంత భాగం ఇచ్చేశాడు. చీకటి పడిన తరువాత మెదడులో విడుదల కావలసిన మెలటోనిన్ ప్రకాశవంతమైన వెలుతురు వలన ఆలస్యమవుతుంది. పడుకోబోయే వేళకు గంట ముందే తెర కట్టేయమని చెప్పడం అందుకే.

2003లో న్యూజిలాండ్ వైద్యులు ఒక యువకుని గురించి వ్రాశారు. రోజూ చాలా గంటలు కంప్యూటరు ముందు కదలకుండా కూర్చున్న అతని కాలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరింది. దూర విమాన ప్రయాణాలలో జరిగే ప్రమాదమే ఇది. ఇది తరచుగా జరిగేది కాదు. అయినా స్థూలకాయులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆటలో అయిదేళ్ళు గడిచినప్పుడల్లా కాలం ఆపి, లేచి, నీళ్ళు త్రాగి, నాలుగడుగులు వేయండి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే ఇంట్లో కాపడం పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మనస్సు లగ్నమైనప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి, కళ్ళు పొడిబారి మండుతాయి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకనులు చూడండి. కిటికీలోంచి ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు చాలు.

పెద్దలకు ఉపయోగమేనా?

2008లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చంద్రమల్లిక బసక్ ప్రభృతులు, ఒక అధ్యయనం ప్రచురించారు. వృద్ధులకు 'రైజ్ ఆఫ్ నేషన్స్' అనే సామ్రాజ్య నిర్మాణ క్రీడలో ఇరవై మూడున్నర గంటల శిక్షణ ఇచ్చారు. ఒక పని నుంచి మరొక పనికి మారడంలోనూ, తాత్కాలిక జ్ఞాపకంలోనూ వారు శిక్షణ పొందనివారి కంటే మెరుగుపడ్డారు. సంతోషమే. కాని పాల్గొన్నవారు నలభై మంది దాకా మాత్రమే, పోలిక కోసం తీసుకున్నవారికి వేరే ఏ ఆటా ఇవ్వలేదు. దీనిని బట్టి మతిమరుపు వ్యాధి రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. నడక, రక్తపోటు అదుపు, వినికిడి లోపాన్ని సరిచేసుకోవడం, పొగాకు మానడం మెదడుకు చేసే మేలు ముందు ఏ ఆటా నిలవదు. నా మిత్రుని ఇంట్లో నేను చూసిన మేలు వేరు. హైస్కూలులో చేరిన తరువాత తాతతో మాట తగ్గించిన మనవడు ఇప్పుడు రోజుకు గంటసేపు ఆయన ప్రక్కన కూర్చుంటున్నాడు.

ఎప్పుడు వైద్యుని చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. గంటల సంఖ్య దానికి కొలత కాదన్నది గమనించండి. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన అన్నిటికన్నా ఆటకే ప్రాధాన్యం పెరగడం, హాని కనబడుతున్నా కొనసాగించడం ఉండాలి; వాటి వలన చదువు, ఉద్యోగం, కుటుంబ జీవితం గట్టిగా దెబ్బతినాలి; సాధారణంగా ఇది ఏడాది పాటు కొనసాగాలి. సెలవులలో వారం రోజులు ఆటలో మునిగిన పిల్లవానికి ఈ ముద్ర వేయడం అన్యాయం.

ఒక తల్లి తన కుమారుణ్ణి నా దగ్గరకు తీసుకొని వచ్చింది. పరీక్షలకు సిద్ధమవుతున్నాడు, బరువు తగ్గాడు, పగలు తరగతిలో నిద్రపోతున్నాడు. ఎన్ని గంటలు ఆడుతున్నావని నేను అడగలేదు. ఏమి ఆడుతున్నావు, దానిలో నీవు ఎవరివి అని అడిగాను. మొదట నేల చూశాడు, తరువాత పావుగంట ఆపకుండా చెప్పాడు. ఫోనులో ఆగని కాలంతో నడిచే సామ్రాజ్య క్రీడ. నలభై మంది కూటమికి రక్షణ బాధ్యత అతనిది. శత్రువు వస్తే రాత్రి రెండింటికి అలారం మ్రోగుతుంది, లేవకపోతే నలభై మంది ముందు పరువు పోతుంది. ఇంట్లో వాడిని బాధ్యత లేనివాడంటున్నారు. వాడేమో బాధ్యత కోసమే నిద్ర మానుకున్నాడు.

ఆ పిల్లవానికి ఆటలు మానమని నేను చెప్పలేదు. ఆ కూటమికి నాలుగు వాక్యాల వీడ్కోలు వ్రాయమన్నాను. చెప్పకుండా మాయమైతే సిగ్గుతో మళ్ళీ వెళతాడని నా అనుమానం. ఫోను రాత్రి తల్లి గదిలో ఉంచమన్నాను. ఆడాలనిపిస్తే ఆదివారం సాయంకాలం, ఆపితే ఆగే ఆట ఆడమన్నాను. నిద్ర కుదుటపడటానికి మూడు వారాలు పట్టింది. పరీక్ష ఎలా వ్రాశాడన్నది వాడి సొంత విషయం.

ఇంత సులభంగా అందరికీ కుదరదు. ఆట ఆపితే కోపంతో వస్తువులు విసరడం, తిండి మానడం, బ్రతకడం వృథా అనే మాటలు వినిపించడం జరిగితే ఆలస్యం చేయకండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ సేవ ద్వారా తెలుగులోనే మాట్లాడే సలహాదారు దొరుకుతారు, రుసుము లేదు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల చినవాల్తేరులో ఉన్నది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ సమస్యల కోసమే 'షట్' అనే ప్రత్యేక క్లినిక్ 2014 నుంచి నడుస్తున్నది. చాలా సందర్భాలలో ఆట వెనుక దిగులో, ఆందోళనో, పరీక్ష భయమో దాగి ఉంటుంది. కంప్యూటరు లాక్కొని బీరువాలో పెడితే అది బీరువాలోకి పోదు.

చివరగా నా ఈడువారికి రెండు మాటలు. ఈ ఆటలో అక్షరాలు బాగా చిన్నవి. సెట్టింగులలో యూఐ స్కేలింగ్ అనే చోట వాటిని పెద్దవి చేసుకోండి. రెండు భాగాల కళ్ళద్దాలు వాడేవారు క్రింది భాగం గుండా తెరను చూడటానికి గడ్డం పైకెత్తి కూర్చుంటారు. గంటకల్లా మెడ పట్టేస్తుంది. తెరను కంటి మట్టానికి కొంచెం క్రిందుగా దించండి, లేదా కంప్యూటరు దూరానికి సరిపడే కళ్ళద్దాలు వేరుగా చేయించుకోండి. విస్తరణలు కొనాలన్న కోరికను మొదటి గెలాక్సీ పూర్తయ్యేదాకా వాయిదా వేయండి. స్టీమ్‌లో ఏడాదికి అనేకసార్లు తగ్గింపు ధరలు పెడతారు, తొందర లేదు.